ఎనిమిది ముడుల ఆకు

కోరుట్లలో నేను పాఠం చెప్పే జూనియర్ కాలేజీలో, సంభావ్యత మీద పరీక్ష పెట్టిన ప్రతిసారీ నా మీద ఒక ఫిర్యాదు ప్రిన్సిపాల్ గదికి వెళ్తుంది. లెక్క సరిగ్గా చేసి, జవాబు సరిగ్గా రాబట్టిన పిల్లలకు కూడా నేను ఒక మార్కు కోస్తానని. నిజమే, కోస్తాను. లెక్క మొదలుపెట్టే ముందు "ఇక్కడ అన్ని ఫలితాలూ సమసంభవాలు అనుకుంటున్నాను" అని రాయనివాళ్లకు ఆ మార్కు రాదు. సమసంభవాలంటే ఏది రావడానికైనా అంతే అవకాశం ఉన్నవి, ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ కానివి. "బోర్డు పరీక్షలో ఆ వాక్యానికి మార్కు లేదు గదా మేడమ్, పిల్లల్ని ఎందుకు సతాయిస్తరు?" అంటాడు ప్రిన్సిపాల్. బోర్డుకు లేకపోతే నాకుంది అంటాను. ఎందుకుందో ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.

మాది కథలాపూర్ పక్క ఊరు. అసలు అది మా అవ్వ, అంటే అమ్మ, పుట్టిన ఊరు. బాపు, అంటే మా నాన్న, వీర్నపల్లి దిక్కు నుంచి ఇల్లరికం వచ్చాడు. గీత పని అక్కడా అదే, ఇక్కడా అదే. తాడి చెట్టు ఎక్కడానికి ఊరు మారితే ఏమవుతుంది అనుకుని వచ్చి ఉంటాడు. కానీ ఇల్లరికం వచ్చినవాడు ఎన్నేళ్లున్నా వచ్చినవాడే. కల్లు గీసేవాళ్ల సంఘంలో ఏ పనికైనా ఆయన పేరు చివర పలికేవాళ్లు. ఆయనకు మనవలు పుట్టాక కూడా.

మా ఊళ్లో తాళ్లెక్కేవాళ్లు ఎనిమిది మంది మిగిలారు. మిగతావాళ్లు దుబాయికో మస్కట్‌కో పోయారు, మా తమ్ముడితో సహా. ఊరి చుట్టూ ఉన్న చెట్లను ఎనిమిది వంతులు చేసి, ప్రతి ఏటా కల్లు కాలం మొదలయ్యే ముందు పంచుకుంటారు. కాలువ గట్టు మీది వంతు అందరికీ కావాలి. పొట్టి చెట్లు, కింద తడి, లొట్టి, అంటే కల్లు కుండ, నిండుతుంది. గుట్ట వంతు ఎవరికీ వద్దు. అక్కడి చెట్లు ఆకాశంలోకి పోయి ఉంటాయి, కింద అంతా బండలు, కల్లు చూస్తే లొట్టిలో సగం. కానీ ఒక కట్టుబాటు ఉంది. తన వంతుకు వచ్చిన చెట్లు గీయనివాడికి సంఘంలో చోటుండదు, ఒకసారి పోయిన చోటు మళ్లీ రాదు.

ఏ వంతు ఎవరికన్నది ఈతాకులతో తేలుతుంది. చదువు రాని కాలంలో పెద్దలు పెట్టిన పద్ధతి. సన్నటి ఈతాకు ముక్కలకు ముడులు వేస్తారు. ఒక ముడి ఉంటే కాలువ వంతు, రెండుంటే బడి వెనుక వంతు, అలా ఎనిమిది ముడులుంటే గుట్ట. వాటిని ఒక పాత లొట్టిలో వేసి కలిపి, ఒక్కొక్కరు మొహం పక్కకు తిప్పుకుని చెయ్యి పెట్టి ఒక ఆకు తీస్తారు. చివరివాడు తీసేదేం లేదు, మిగిలింది అతనిది. చివరివాడు ఎప్పుడూ బాపే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆదివారం ఊరికి వెళ్తే ఆ రోజే పంపకం. ఊరి చివర కల్లు అమ్ముకునే పాకను మండువ అంటారు, అక్కడ అందరూ కూర్చున్నారు. సంఘం పెద్ద మా అవ్వకు సొంత అన్న, నాకు మేనమామ. బాపు ఎన్నడూ నోరెత్తనివాడు, ఆ రోజు ఎత్తాడు.

"ప్రతిసారి నేనే ఎనుక. ఒక్కసారి నన్ను ముందుగాల తియ్యనియ్యుండ్రి."

"ముందు తీస్తే ఏమొస్తది బావా? చెయ్యి పెట్టినోని నసీబు," అన్నాడు మామ. అని, నన్ను చూశాడు. "ఆగు, కాలేజీల లెక్కలు చెప్పే కోడలు ఈడనే ఉన్నది. ఏం కోడలా, ముందు తీసినా ఎనుక తీసినా ఫరకుంటదా?"

జగిత్యాలలో డిగ్రీ చదివినప్పుడు, సూత్రం వాడకుండా అన్నీ విడివిడిగా రాసుకుని లెక్కపెడుతున్నానని ఒక లెక్చరర్ క్లాసు మొత్తం ముందు "వేళ్ల మీద లెక్కపెట్టుకునేదానివి గణితం ఎందుకు తీసుకున్నవమ్మా?" అన్నాడు. ఆ మాట నేను మర్చిపోలేదు, ఆయన వేసుకున్న చొక్కా రంగు కూడా మర్చిపోలేదు. మామ అడగ్గానే ఆ లెక్చరరే అక్కడ కూర్చున్నట్టు లేచి, బొగ్గు ముక్కతో పాక గోడ మీద రాసి చూపించాను. మొదటివాడికి ఎనిమిది ఆకుల్లో ఏదైనా రావచ్చు, రెండోవాడికి మిగిలిన ఏడింటిలో ఏదైనా, మూడోవాడికి ఆరింటిలో. అలా గుణించుకుంటూ పోతే ఎనిమిది వంతులు ఎనిమిది మందికి పడే తీర్లు నలబై వేల మూడు వందల ఇరవై.

"నలబై వేలా? మన చెట్లే గన్ని లేవు గదనే!" అన్నాడు ఒకాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇక గుట్ట చివరివాడికే పడాలంటే, దాన్ని పక్కన పెట్టి మిగతా ఏడు వంతులు ఏడుగురికి పడే తీర్లు లెక్కపెట్టాలి. అవి ఐదు వేల నలబై. నలబై వేల మూడు వందల ఇరవైలో ఐదు వేల నలబై అంటే ఎనిమిదింట ఒకటి. గుట్ట మొదటివాడికే పడాలన్నా అదే లెక్క, మధ్యవాడికన్నా అదే. ముందు తీసినా వెనుక తీసినా అవకాశం ఒకటే.

"ఇన్నవా బావా? నీ బిడ్డనే చెప్పింది," అన్నాడు మామ.

బాపు పోయి వరసలో చివర కూర్చున్నాడు. ఆ ఏడు గుట్ట ఆయనకే మిగిలింది.

ఒక మాట స్పష్టంగా రాస్తున్నాను. నా జవాబు తప్పు కాదు. ఆ రోజు కాదు, ఈ రోజు కూడా కాదు. ఏ పుస్తకంలోనైనా చూసుకోవచ్చు. నా బాధ వేరు. ఆ సరైన జవాబును వాళ్లు తాడులా పేని మా బాపు కాళ్లకు కట్టారు. మరుసటి ఏడు బాపు నోరు తెరవబోతే "బిడ్డ చెప్పిన లెక్క తప్పంటవా?" అన్నారు. ఆ తర్వాతి ఏడు అదీ అనలేదు, నవ్వారు. నేను లెక్క చెప్పిన ఏటి నుంచి వరసగా నాలుగేళ్లు గుట్ట బాపుకే మిగిలింది. నాలుగుసార్లు ఒకడికే అలా మిగలడం నాలుగు వేల తొంబై ఆరింట ఒకటి. ఫోన్‌లో మామకు ఆ లెక్క చెప్పాను.

"గా ఒక్కటి మీ బాపుకు తాకింది కోడలా. ఏం జేస్తం, ఆయన చెయ్యి మంచిగ లేదు," అన్నాడు.

ఆ మాట ఊరంతా పాకింది. కాలం మొదట్లో ఒక చెట్టుకు బొట్టు పెట్టి, చెయ్యి మంచిదనుకున్నవాడితో తొలి గీత గీయిస్తారు. బాపు గీత పల్చగా, ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి అంతకుముందు అప్పుడప్పుడు ఆయన్నే పిలిచేవాళ్లు. పిలవడం మానేశారు. ఒక పెళ్లిలో పందిరి గుంజ పాతుతుంటే బాపు చెయ్యి వేయబోయాడు. "నువ్వు కూసో మామా, మేం జూస్కుంటం," అని ఒకడు మెల్లగా పక్కకు జరిపాడు. అతనెవరో నాకు తెలుసు. అతను ఆ సంగతి మర్చిపోయి ఉంటాడు, నేను మర్చిపోలేదు.

నాలుగో ఏడు గుట్ట మీద మోకు జారింది. మోకు అంటే చెట్టుకూ నడుముకూ కలిపి వేసుకునే తాడు. బాపు పూర్తిగా పడలేదు, చెట్టును కావలించుకుని జారాడు. కుడి భుజం తప్పింది. జగిత్యాలలో ఎముకల డాక్టరు సరిచేసి, "పెద్ద చెట్లు ఇక ఎక్కొద్దు. మళ్లీ జారితే చెయ్యి లేవదు," అన్నాడు.

"పొట్టి చెట్లు ఎక్కొచ్చా సారూ?" అన్నాడు బాపు.

"మానెయ్యడం మంచిది. తప్పదంటే జాగ్రత్తగా."

తిరుగు బస్సులో బాపు ఆ చివరి మాటనే పట్టుకుని కూర్చున్నాడు. "తప్పదంటే ఎక్కొచ్చన్నడు గదా బిడ్డా?" అని కథలాపూర్ వచ్చేదాకా అడిగాడు. మస్కట్ నుంచి తమ్ముడు ఫోన్ చేసి సంఘం వదిలెయ్యమంటే ఫోన్ నా చేతికిచ్చి బయటికి పోయాడు. సంఘం వదిలితే ఇల్లరికం వచ్చిన ఊళ్లో ఆయనకు ఏ చోటూ ఉండదు. అంటే ఇక రాబోయే పంపకంలో ఏ వంతు వచ్చినా బతకొచ్చు, గుట్ట మాత్రం రాకూడదు. గుట్ట వస్తే ఆ భుజంతో ఎక్కాలి, లేదా ఉన్న ఒక్క చోటూ పోగొట్టుకోవాలి.

పంపకం రోజు పొద్దున నేను ఊళ్లోనే ఉన్నాను. ఆకులకు ముడులు వేసే పని చాలా ఏళ్లుగా బాపుదే. ముడి బిగువుగా వేస్తాడని ఆ చాకిరీ మాత్రం ఆయనకు అప్పజెప్పారు. ఆ రోజు భుజం లేవక నన్ను కూర్చోబెట్టాడు.

"గట్టిగ గుంజు. వదులైతే జారుతది, లెక్క తప్పుతది," అని పక్కన కూర్చుని చెప్పాడు.

ముడులు వేశాను. ఎనిమిదో ఆకు వేసేసరికి వేళ్లు మండాయి. ఆకంతా ముడులే, గజ్జెల తాడులా ఉంది. అన్నీ లొట్టిలో వేసి, అలవాటు ప్రకారం మొహం పక్కకు తిప్పుకుని కలిపాను. నా చేతికి ఎనిమిది ముడుల ఆకు తగిలింది. తగిలిందని చూడకుండానే తెలిసింది. వదిలేసి మళ్లీ కలిపాను, మళ్లీ వేళ్లకు అదే దొరికింది. ఒక్క ముడి ఆకు నున్నగా ఉండి అదీ దొరికింది. మధ్యలోవి పోల్చుకోవడం కష్టం, ఈ చివరిదీ ఆ చివరిదీ మాత్రం చంటిపిల్లకైనా తెలుస్తాయి.

అప్పుడు నా గోడ మీది లెక్క మొత్తం కళ్లముందుకు వచ్చింది. నలబై వేల మూడు వందల ఇరవై తీర్లూ సమానమైతేనే ఎనిమిదింట ఒకటి. ముందున్న ఏడుగురి వేళ్లూ ఎనిమిది ముడుల ఆకును తడిమి వదిలేస్తుంటే, జరగగలిగిన తీర్లు ఐదు వేల నలబై మాత్రమే. ఆ ఐదు వేల నలబైలోనూ గుట్ట బాపుదే. అది ఎనిమిదింట ఒకటి కాదు, ఒకటికి ఒకటి. ఇందులో ఎవరూ ఎవరితో కూడబలుక్కోలేదు. కూడబలుక్కుని ఉంటే నాకు ఇంత కోపం వచ్చేది కాదేమో. ఏడు చేతులు వేటికవి తమకు నచ్చనిదాన్ని వదిలేశాయి, ఆ వదిలేసిందాన్నంతా ఒకడి నసీబు అన్నారు.

"బాపూ, నీకు తెల్వదా ఇది?" అన్నాను, ఆకు చూపిస్తూ.

ఆయన ఆకు తీసుకుని లొట్టిలో వేశాడు. "నువ్వు మండువకాడ నోరు తెరువకు. వాళ్లు మీ అవ్వ అన్నదమ్ములు."

నేను తెరిచాను. అందరూ కూర్చోగానే కాగితం చీటీలు వేద్దామన్నాను.

"ముడులు పెద్దల కాలం నుంచి ఉన్నయి," అన్నాడు మామ. "సదువు రానోళ్లకు కాయిదం మీద ఏం ఎరుకైతది?"

"అంకెలు తెల్వనోళ్లు ఎవరున్నరు మామా? అందరి జేబుల ఫోన్లున్నయి గదా."

"ముందుకు ఎనుకకు ఫరక్ లేదని నువ్వే గోడ మీద రాస్తివి గదా వదినె," అన్నాడు మామ కొడుకు. నాకంటే చిన్నవాడు, గల్ఫ్ నుంచి వచ్చి, మానేసిన ఒకాయన చోట్లో రెండేళ్లుగా తాళ్లెక్కుతున్నాడు. "గిప్పుడు నీ లెక్క నీకే పసందు లేదా?"

"నా లెక్క మంచిగనే ఉన్నది. మీ లొట్టి మంచిగ లేదు. నా కండ్లు కట్టుండ్రి, మీకు ఏ వంతు కావాలెనో చెప్పుండ్రి, తీసిస్త."

నవ్వారు. మామ తువ్వాలతోనే నా కళ్లు కట్టారు, అది కల్లు వాసన వేస్తోంది. "గుట్ట తియ్యి," అన్నాడెవరో. తీసి పైకెత్తాను. నవ్వు కొంచెం తగ్గింది. ఆకు మళ్లీ లొట్టిలో వేయించి కలపమన్నాను. మళ్లీ గుట్టే తీశాను. "కాలువ," అని ఇంకో గొంతు వినిపించింది. నున్నటి ఆకు తీసిచ్చాను. తువ్వాల విప్పుకుని చూస్తే ఏ ఒక్కరూ ఆశ్చర్యపోయినట్టు లేరు. నేల చూస్తున్నారు. అప్పుడు నలబై వేల మాట మీద అందరినీ నవ్వించినాయన మాత్రం అన్నాడు: "అందరి చేతులు గంతే గదనే. దీనికి కండ్లు కట్టుడెందుకు?"

కాగితాలు నేనే తెచ్చాను, ఒకే కొలతకు చింపి. రాసింది మామ, మడిచింది ఆయన కొడుకు. నా చెయ్యి తగలనివ్వలేదు. మామ గొంతు మెత్తగా చేసుకుని, "సరే, ఈసారి బావను ముందు తియ్యనిద్దాం," అన్నాడు.

"వద్దు. బాపు ఎనుకనే," అన్నాను.

బాపు నా వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. ముందు తీస్తే కనికరించి ఇచ్చారంటారు. అది నాకు అక్కర్లేదు. లొట్టి సరిగ్గా ఉంటే వెనుక తీసినా ఫరక్ లేదని నేను అన్నాను, దాన్ని వాళ్ల కళ్లముందే జరిపించుకోవాలి.

మొదటాయన తీశాడు, గుట్ట కాదు. రెండో ఆయనదీ కాదు. అప్పటివరకు ఎనిమిదింట ఒకటి అని ధైర్యంగా ఉన్నదాన్ని, ఒక్కో చీటీ విప్పుతుంటే నా తలలో లెక్క మారుతూ వచ్చింది. ఆరింట ఒకటి. ఐదింట ఒకటి. కాలువ వంతు మామకు పడింది, మీసం సరిచేసుకున్నాడు. నాలుగింట ఒకటి, మూడింట ఒకటి. ఎవరికి ఏది పడిందో నేను వినడం మానేశాను, గుట్ట అన్న మాట కోసమే చూస్తున్నాను. లొట్టిలో రెండు చీటీలు మిగిలాయి. ఒకటి మామ కొడుకుది, ఒకటి బాపుది. గుట్ట ఇంకా లోపలే ఉంది. బాపు ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకుని కూర్చున్నాడు.

మామ కొడుకు చీటీ విప్పాడు. "ఎనిమిది," అన్నాడు.

బాపుకు మిగిలింది రెండు, బడి వెనుక వంతు. మరీ ఎత్తు కాని చెట్లు.

నేను ఊపిరి తీసుకునేలోపే మామ లేచి నిలబడ్డాడు. "ఇదేం పద్ధతి? గుట్ట ఒక్కని నెత్తి మీద వేసుడేంది? గది అందరి గుట్ట. చెట్లు తలా ఇన్ని పంచుకోవాలె, ఎవరు ఎక్కగలిగింది వాళ్లు ఎక్కాలె. పానం బాగలేనోన్ని బలిమి చేసుడు లేదు." తలలన్నీ ఊగాయి. అవునవును, ఎప్పుడో చేయాల్సింది అన్నారు. బాపు నాలుగేళ్లు గుట్ట ఎక్కినప్పుడు ఈ మాట ఆ పాకలో ఎవరి నోటా రాలేదు. కొడుకు చేతిలో చీటీ విప్పిన మడత కూడా పోలేదు, కట్టుబాటు మారిపోయింది.

ఇంటికి నడుస్తుంటే బాపు అన్నాడు: "మంది ముందట వాళ్లయి దొంగచేతులన్నవ్."

"నేననలే బాపూ."

"అన్నట్టే అయింది."

నాకు అనిపించింది, ఈయనకు వచ్చిన వంతు గురించి ఒక్క మాటైనా అనడా అని. అనలేదు. మరుసటి పొద్దున బడి వెనుకకు పోయి ఒక్కో చెట్టునూ చేత్తో తడిమి చూసి వచ్చాడని అవ్వ చెప్పింది.

గుట్టలో తన పాలికి వచ్చిన చెట్లు బాపు ఎక్కలేదు. ఎవరూ ఏమీ అనలేదు, చోటు పోలేదు. అంతవరకు సరే. కానీ ఆ ఏడు తొలి గీతకు పిలిచింది ఎవరిని? మామ కొడుకును. గుట్ట చీటీ తీసిన ఆ చేతినే. అతని చెయ్యి మంచిది కాదని ఒక్కరికీ తోచలేదు. వాడికి ఒకసారి పడితే పద్ధతి తప్పు, మా బాపుకు నాలుగుసార్లు మిగిలితే చెయ్యి తప్పు. నేను మామకు ఫోన్ చేసి, మండువ కాడ పదిమంది ముందు ఒక్క మాట చెప్పమన్నాను, బాపు చెయ్యి మంచిదే, లొట్టిదే తప్పు అని.

"అయిపాయె గదా కోడలా. మీ బాపుకు కావాల్సింది దొరికె. ఇంకేంది?"

ఆ ఇంకేంది అన్నదానికి నేను ప్రతిసారీ జవాబు చెబుతూనే ఉన్నాను. కోరుట్ల సంతలో కనపడితే అడిగాను. అవ్వకు జ్వరమొచ్చి చూడ్డానికి వస్తే, చాయ్ ఇచ్చి అడిగాను. మా అత్తగారి ఊరు సిరిసిల్ల. మొన్న అక్కడ మా ఆయన వైపు పెళ్లికి మామ కూడా వచ్చాడు. నన్ను దూరం నుంచి చూసి మగవాళ్ల వరసలోకి తప్పుకోబోయాడు. నేను వంటల టెంటు పక్కనుంచి చుట్టి వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"మామా, గా మాట ఎప్పుడంటవ్?"

"ఏం మాట కోడలా?"

"నీకెరుకే."

ఆయన అటూ ఇటూ చూశాడు. చుట్టూ వియ్యాలవారు. "ఇది పెళ్లిల్లు. జర చూస్కొని మాట్లాడు. నడువు తిందాం, బగారన్నం సల్లారుతది."

"తిందాం పద," అన్నాను.

ఆడవాళ్ల వరస అటు ఖాళీగా ఉన్నా వెళ్లలేదు. ఆయన విస్తరి పక్కనే నా విస్తరి వేయించుకుని కూర్చున్నాను. ఆయన తొందరగా తిన్నాడు. నేను ఆయనతో సమానంగా తిన్నాను. ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేస్తే నేనూ లేచాను.